పన్నెండు అడుగుల వైరు

ఇద్దరు కట్టిన పాటలను ఒక్కడివని అచ్చు వేశారు. రెండో ఆయనకు రికార్డు అట్ట వెనుక, అందరికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘టేపు ఆపరేటరు’ అని చోటిచ్చారు. పాడిన ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. రెండో ఆయన ఇంకా ఉన్నాడు. బతికున్న మనిషిని అతని పాటల్లోంచే బయటికి నెట్టేశారు.

ఈ సంగతి నాకు తెలిసింది మా అక్క మనవరాలి వల్ల. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, ఆదివారాలు న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా అపార్టుమెంటుకు వస్తుంది. ఈ కాలం పిల్లలకు మళ్ళీ నల్ల రికార్డుల మీద మోజు పుట్టింది కదా, ఆ పూట సంచీలోంచి ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది.

“తాతా, ఈయన ఎయిటీస్‌లో న్యూయార్క్ బేస్‌మెంట్ క్లబ్స్‌లో పాడేవాడంట. ఇప్పుడు మళ్ళీ రిలీజ్ చేశారు. నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావ్ కదా, ఎప్పుడైనా విన్నావా?”

కళ్ళజోడు పెట్టుకుని అట్ట చూశాను. బూడిదరంగు కోటు, సన్నటి మెడ, అరమూసిన కళ్ళు.

“వినడమేమిటే, ఈయన చొక్కాలోకి వైరు దూర్చింది నేను.”

“తాతా! సీరియస్‌లీ?”

రికార్డుతో పాటు చిన్న పుస్తకం ఉంది. అందులో ఒక పేజీ తీసి చదవడం మొదలుపెట్టింది. “ఆయన స్టేజ్ మీద అస్సలు కదిలేవాడు కాదంట. ఒక్క చోటే నిలబడి పాడేవాడంట. లోన్లీనెస్‌ని అలా బాడీతో చూపించాడంట. ఫుల్ పేజ్ రాశారు తాతా.”

ఒంటరితనమట! ఆయన కదలకపోవడానికి కారణం వైరు పన్నెండు అడుగులే ఉండటం. ఆ వైరు రెండో కొస దగ్గర ఆయన మనిషి కూర్చుని ఉన్నాడు. ఈ మాట రాయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు. నేను ఉన్నాను కనుక రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి, అదీ తప్పాను. బెజవాడలో చచ్చిపోయిన రేడియోలను విప్పి, ఏది దేనికి తగిలిస్తే మాట్లాడుతుందో చూసి చూసి పని నేర్చుకున్నాను. మా అక్క నర్సుగా ఈ దేశం వచ్చి, డెబ్బైల చివర నన్ను పిలిపించుకుంది. న్యూయార్క్‌లో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్లో చేరాను. ఇంగ్లీషు నాకు యంత్రాల వెంట వచ్చే పుస్తకాలే నేర్పాయి. అందుకే చాలాకాలం నా ఇంగ్లీషంతా ‘మూత తీసే ముందు ప్లగ్గు పీకవలెను’ అన్న పద్ధతిలో ఉండేది.

ఆ కొట్టుకే వాళ్ళిద్దరూ ఒక మధ్యాహ్నం రీళ్ళ టేపురికార్డరును దుప్పట్లో చుట్టి, చెరోవైపు పట్టుకుని, పురిటి బిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. పొడుగాయన, పొట్టాయన. పొడుగాయన గలగలా మాట్లాడాడు. పొట్టాయన నేను స్క్రూడ్రైవరు ఎలా పట్టుకున్నానో చూస్తూ నిలబడ్డాడు. మోటారు బెల్టు మార్చి ఇచ్చాక ఒక్క మాట అన్నాడు: “మీరు యంత్రాన్ని ముందు వింటారు, తరవాత విప్పుతారు.” ఈ దేశంలో నా పనిని గమనించిన మొదటి మనిషి ఆయనే.

అలా రాకపోకలు మొదలయ్యాయి. వాళ్ళది ఒకే గది, కిటికీ పక్కన మంచం, మంచం పక్కన బల్ల. పొడుగాయన మాటలు రాసేవాడు, పాడేవాడు. తక్కినదంతా పొట్టాయనదే. డ్రమ్ములవాణ్ణి పెట్టుకునే స్తోమత లేదు గనుక, ఉన్న చిన్న కీబోర్డు మీద వాయించి, డబ్బా మూతల మీద దరువు వేసి, టేపు మీదకి ఎక్కించేవాడు. తరవాత రీళ్ళను రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తిప్పుతూ, దరువు ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, గడ్డం గీసుకునే బ్లేడుతో టేపును కోసేవాడు. కోసిన ముక్కను ఉంగరంలా అతికించి, తలుపు పిడికీ యంత్రానికీ మధ్య సాగదీసి తిప్పితే దరువు ఆగకుండా వచ్చేది. ఎవరైనా తలుపు తీస్తే పాట తెగిపోయేది. అందుకని ఆ ఇంట్లో ఎవరైనా బాత్రూముకు వెళ్ళాలన్నా పాట అయ్యేదాకా ఆగాల్సిందే. కొలబద్ద లేదు, గడియారం లేదు. నలభై ముక్కలు అతికిన టేపులో ఎక్కడా తడబాటు వినిపించేది కాదు. అలాంటి చేతిని నేను మళ్ళీ చూడలేదు. దాన్నా ఆపరేటరు అనడం?

పొడుగాయనకు గదిలో పాడితే గొంతు గంగాప్రవాహం. నలుగురి ముందు నిలబడితే నోరు పిడచగట్టుకుపోయేది. మొదటి రెండు క్లబ్బుల్లో సగం పాటలో దిగిపోయాడు. మూడోసారి పొట్టాయన పక్కనే నిలబడి చెవిలో ధైర్యం చెబుతుంటే, కింద బీరు తాగేవాళ్ళు “ముద్దు పెట్టు, పోతుంది భయం!” అని అరిచారు. ఆ క్లబ్బుల్లో అందరూ వాళ్ళలాంటి మగవాళ్ళే, బయట దొరకని చోటు వెతుక్కుంటూ మెట్లు దిగి వచ్చినవాళ్ళే. అయినా పాడలేనివాణ్ణి ఎవరు వదులుతారు?

అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. టేపులో ఎడమ, కుడి అని రెండు దారులుంటాయి. సంగీతమంతా ఎడమ దారిలో పెట్టి క్లబ్బు స్పీకర్లకు ఇద్దాం, కుడి దారిని పొడుగాయన చెవికి ఇద్దాం, అందులో ఒకటి రెండు మూడు అని లెక్క చెబితే ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తుంది అన్నాను. వినికిడి యంత్రంలోంచి తీసిన బుడిపె ఒకటి సంపాదించి, సన్నటి వైరు తగిలించి, కాలరు కిందుగా చొక్కాలోకి, అక్కడినుంచి ప్యాంటు కాలులోకి, అక్కడినుంచి టేపురికార్డరుకు కలిపాను. నా దగ్గరున్న వైరు పన్నెండు అడుగులు. ఇంకాస్త పొడవు పెడితే చెవిలో గొణుగుడు పట్టేది.

పొట్టాయన లెక్క చెప్పి ఊరుకోలేదు. వారం తరవాత కుడి దారిని సరిచూద్దామని చెవిలో పెట్టుకుంటే, ఆ మాట్లాడని మనిషి మాట్లాడుతున్నాడు. “ఊపిరి తీసుకో. తొందరేం లేదు, ఇంకా నాలుగు దరువులున్నాయి. ఎర్ర చొక్కావాడి వైపు చూడకు, ఎప్పుడూ ఒక ఎర్ర చొక్కావాడు ఉంటాడు, వాడు నాకంటే అందగాడేం కాడు. ఇప్పుడు పాడు. బాగుంది. పొద్దున ఇంతకంటే బాగా పాడావు, అయినా బాగుంది.” ఇంట్లో కూర్చుని, రేపు వేదిక మీద ఏ క్షణాన ఈ మనిషికి భయం వేస్తుందో ముందే ఊహించి, ఆ క్షణానికి సరిగ్గా మాట అతికించి పెట్టాడు. నాకు తెలిసిన మొగుళ్ళలో పెళ్ళాన్ని అంత తెలుసుకున్నవాడు ఒక్కడూ లేడు, నాతో సహా.

పొడుగాయన నిలబడి పాడాడు. వైరు దాటి పోలేడు గనుక కదలకుండా పాడాడు. చెవిలో మాటకు చిన్నగా నవ్వేవాడు, జనం అది తమకోసమే అనుకునేవారు. ఆరు నెలల్లో ఆ మెట్ల కింద క్లబ్బుల్లో ఇంకో నాలుగు జట్లు కదలకుండా నిలబడి పాడటం మొదలుపెట్టాయి. వాళ్ళకు వైరు లేదు, ఊరికే నిలబడేవారు!

మా అక్క వాకబు చేసేది. “ఏరా, ఆదివారమైతే చాలు ఎగేసుకుని పోతున్నావు, ఆ ఇద్దరూ అన్నదమ్ములా?”

“కాదక్కా.”

“మరి?”

“మొగుడూ పెళ్ళాలే అనుకో.”

“అందులో పెళ్ళాం ఎవరురా?”

“ఇద్దరూ మొగుళ్ళే.”

“అయితే ఆ ఇంట్లో వంటెవరు చేస్తారు? బక్కచిక్కి ఉంటారు, పాపం. ఈసారి పులిహోర పట్టుకుపో.”

ఇక నా తప్పు చెప్పాలి. ఒక ఆదివారం సాయంత్రం ఐదింటికి, కొత్తవాళ్ళకిచ్చే వేళ పోయి వాళ్ళకంటూ ఒక వేళ ఇచ్చిన తొలిసారి, రెండొందల మంది నిండిన బేస్‌మెంట్‌లో, నేను ప్లగ్గులు తారుమారు చేశాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. సంగీతమంతా పొడుగాయన చెవిలోకి పోయింది. స్పీకర్లలో పొట్టాయన గొంతు మోగింది: “ఊపిరి తీసుకో. నేనిక్కడే ఉన్నాను.”

జనం గొల్లుమన్నారు. నేను యంత్రం ఆపుదామని వెళ్ళేలోగా పొడుగాయన ఎత్తుకున్నాడు. ఆయనకు చెవిలో దరువు సరిగ్గా వినిపిస్తోంది మరి. గదికి మాత్రం సంగీతం లేదు. ఒక గొంతు పాడుతోంది, మధ్య మధ్య ఇంకో గొంతు “కాలరు సర్దుకో”, “ఇక్కడ నెమ్మది”, “ఇంటికెళ్ళాక సూప్ చేస్తాను, ఇంకొక్క చరణం” అంటోంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు వరసలో మీసాల పెద్దమనిషి ఒకడు పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. పాట అయిపోయింది. చప్పట్లకు పైకప్పు సున్నం రాలింది.

పొట్టాయన చప్పట్లు కొట్టించుకోలేదు. ముఖం కందగడ్డలా అయిపోయి యంత్రం వెనక కూర్చున్నాడు. క్లబ్బు యజమాని వచ్చి, “ప్రతి వారం ఇలాగే చెయ్యండి, జనం విరగబడతారు” అన్నాడు.

“అది వాళ్ళకు చెప్పింది కాదు,” అన్నాడు పొట్టాయన. అంతే.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత కొట్టుకు వచ్చి నిలబడ్డాడు. “ఆ కుడివైపు మళ్ళీ ఇంకెవరి చెవిలోనూ పడకూడదు. మాట ఇవ్వు.” ఇచ్చాను. యంత్రం చెడితే పనికొస్తుందని రెండు దారులూ ఉన్న నకలు ఒకటి నా దగ్గరే ఉంచమన్నాడు. తప్పు చేసినవాడి దగ్గరే దాచాడు. ఆ నమ్మకానికి నేను ఇప్పటికీ తగినవాణ్ణో కాదో తెలియదు.

ఎనభైల నడుమ ఆ జబ్బు, ఎయిడ్స్, వచ్చింది. క్లబ్బుల్లో ముందు వరసలు ఖాళీ అయ్యాయి. పొడుగాయన ఆస్పత్రిలో పడితే, అన్నం పళ్ళెం గుమ్మం బయట నేలమీద పెట్టి పోయేవారు ఆయాలు. మా అక్క తన సెలవు రోజున వెళ్ళి ఆ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళి తినిపించింది. “మనిషే కదరా, కరుస్తాడా?” అంది నాతో. ఆయన పోయాక పొట్టాయన ఉన్నదంతా పంచిపెట్టి పడమటి వైపు ఎక్కడో చిన్న ఊరికి వెళ్ళిపోయాడు. అసలు రీళ్ళు బేస్‌మెంట్‌లో నీళ్ళు చేరి పాడైపోయాయి. ఇప్పుడు ఈ కంపెనీవాళ్ళు వేసిన రికార్డు, అప్పట్లో క్లబ్బు స్పీకర్ల దగ్గర ఎవరో పట్టుకున్న టేపులోంచి తీసింది. అంటే ఎడమవైపు మాత్రమే. కుడివైపు ఒకటుందని వాళ్ళకు తెలియనే తెలియదు.

కంపెనీకి ఉత్తరం రాశాను. మనవరాలు ఇమెయిల్ చేస్తానంటే వద్దన్నాను, కోపం చేతిరాతలో కనబడాలి. నెలకు జవాబొచ్చింది, ఎంతో మర్యాదగా: మా దగ్గరున్న కాగితాల ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, మీ దగ్గర ఆధారం ఉంటే పంపండి.

ఆధారం నా అలమరలో ఉంది. రెండు నిమిషాలు వింటే చాలు, ఆ పాటలు ఎవరి చేతిలోంచి వచ్చాయో, ఆ మనిషి ఎవరి ధైర్యంతో నిలబడ్డాడో చెవిటివాడికైనా తెలుస్తుంది.

“పంపేయ్ తాతా,” అంది మనవరాలు. “మంచికే కదా.”

“మాటిచ్చానే.”

“నలభై ఇయర్స్ అయింది!”

“మాటకు ఎక్స్‌పైరీ డేటు ఉంటుందా, మందు సీసాకి ఉన్నట్టు?”

ఆ పిల్లే వెతికి పొట్టాయన చిరునామా పట్టుకుంది. రాశాను: టేపు పంపడానికి అనుమతి ఇవ్వండి, లేదా మీరే వాళ్ళకు ఒక ముక్క రాయండి. జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు. మూడోసారి కాస్త కటువుగానే రాశాను: మీరు మౌనంగా ఉంటే మీతో పాటు ఆయన కూడా అబద్ధం అయిపోతాడు, ఆయన ఒంటరి అని అచ్చులో ఉంది, మీరు ఒప్పుకుంటారా అని. ఏడు వారాలకు కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు. మొదటిదాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడుతున్నాను:

“మీ ఉత్తరాలు మూడూ అందాయి. కోపం మూడింటిలోనూ ఒక్కలాగే ఉంది, చేతిరాతే పాడైంది. ఆ కంపెనీ నాకు ముందే కాగితాలు పంపింది. నేను చదవకుండా సంతకం పెట్టాను. అతని పాటలు మళ్ళీ బయటికి వస్తాయన్నది ఒక్కటే కనబడింది నాకు. ఆ సంగతి మీకు చెప్పడానికి సిగ్గుపడి ఇన్నాళ్ళు ఊరుకున్నాను. టేపు పంపకండి. అది ఒకరితో చెప్పుకున్నది. ఆ ఒకరు లేరు కదా అని అది అందరిదీ అయిపోదు. కానీ ఒంటరి అన్న మాట నేను ఒప్పుకోను. రెండో కాగితంలో రాశాను: రాగాలు నావి, మాటలు అతనివి, పదకొండేళ్ళు మేము ఒకే ఇంట్లో ఉన్నాం, స్నేహితులుగా కాదు. ఈసారి చదివే సంతకం పెట్టాను, ఊళ్ళో నోటరీ చేత ముద్ర కూడా వేయించాను. దాన్ని వాళ్ళకు పంపండి. వినకపోతే అరవండి. ఆ పని మీకు వచ్చు, నాకు ఎప్పుడూ రాలేదు.”