బొట్టుబిళ్ళల మిక్సర్

మా ఆవిడ గుడివాడలో పోయింది. చెల్లెలింట్లో రెండ్రోజులుండి వస్తానని వెళ్ళింది. పొద్దున్నే తోడల్లుడు ఫోన్ చేశాడు. “అన్నయ్యగారూ, వదినకి కొంచెం బాగాలేదండీ. ఒకసారి బయల్దేరి రండి” అన్నాడు. మన వైపు ఫోన్లో చావు మాట ఎవరూ చెప్పరు. ‘ఒకసారి రండి’ అంటారు. ఏ ఆస్పత్రి అని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో పక్కసీటాయన ఈసారి ధాన్యం తడిసిపోయిందని చెబుతుంటే, అవునండీ, వానలు వేళకాని వేళ పడ్డాయి అని జవాబు కూడా చెప్పాను.

తరవాత ఇంటికి వచ్చిన ఆడవాళ్ళంతా ఒకే మాట అన్నారు. “పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది. అదృష్టవంతురాలండీ.” అంటే నేను మిగిలిపోవడం ఆవిడ అదృష్టం. ఆ అదృష్టంలో నా వంతు ఏమిటో ఎవరూ చెప్పలేదు. పేపరు జిల్లా పేజీలో ‘రిటైర్డ్ లెక్చరర్ సతీమణి మృతి’ అని వేశారు. ఆ లెక్చరర్ని నేను. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బందరు హైస్కూల్లో తెలుగు చెప్పింది. ఆ ముక్క అందులో లేదు. ఇంట్లో చేసిన పని గురించి అసలే లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆవిడ ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసేది. పాటలు కాదు, మాటలు. గిలకలదిండి నుంచి చేపల గంప తెచ్చే వాళ్ళనీ, దివిసీమ నుంచి ఆస్పత్రి పని మీదో పెళ్ళి బట్టలకో బందరు వచ్చిన వాళ్ళనీ మా ముందుగదిలో కూర్చోబెట్టి మాట్లాడించేది. ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుంది, ఎండుచేపకి పురుగు పట్టకుండా ఎలా దాస్తారు, అత్తగారు మొదట వండమన్న కూరేమిటి. ఇవే ప్రశ్నలు. నెలకో క్యాసెట్ తయారయ్యేది. నకళ్ళు తీసి స్కూలుకొకటి, మాట్లాడిన వాళ్ళకొకటి ఇచ్చేది. అవి చేతులు మారి చల్లపల్లి దాకా వెళ్ళేవి. పక్కింటి మావయ్యగారు “అమ్మాయ్, మీ ఇంటి రేడియో ఈ నెల ఇంకా రాలేదే” అని గోడవతల నుంచి అడిగేవారు.

దివిసీమని ముంచేసిన ఉప్పెన గురించి మాత్రం అడిగేది కాదు. నేనొకసారి కారణమడిగాను.

“అందరూ వాళ్ళని అదే అడుగుతారండీ. ఉప్పెన ముందు రోజు ఏం వండుకున్నారో ఒక్కరూ అడగలేదు” అంది.

మొదట్లో పనంతా టేప్ రికార్డరు మీదే. అందులోని మైకు అన్నిటికంటే ముందు దాని మోటారు చప్పుడే వినేది. పైగా మా ఆవిడ పద్ధతొకటి ఉంది. ఎప్పుడూ ఇద్దరిని కలిపి కూర్చోబెట్టేది. “ఒక్కతే ఉంటే పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంది. ఇద్దరుంటే కాదని పోట్లాడుకుంటారు. నిజం ఆ పోట్లాటలో ఉంటుంది” అనేది. తీరా క్యాసెట్ వింటే గట్టిగొంతావిడే వినపడేది, రెండో ఆవిడ గోడకి చెప్పుకున్నట్టుండేది. ఇద్దరికీ చెరొక మైకు ఉండాలి, ఇద్దరి గొంతూ సమానం చేసే పెట్టె ఒకటి ఉండాలి. అలా మిక్సర్ కొనాలని తేలింది.

విజయవాడ వెళ్ళాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. సౌండ్ సామాను కొట్టతను ఆవిడ అడిగిన ప్రతిదానికీ నాకు జవాబు చెప్పాడు.

“సార్, ఇది తీసుకోండి. ఆంప్లిఫయర్ ఇందులోనే ఉంటది. పెళ్ళిళ్ళకి, గుళ్ళకి అందరూ ఇదే పట్టుకెళ్తారు. ఎకో కూడా ఉందండీ” అని మైకులో ‘హలో’ అన్నాడు. ఆ హలో గది చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చింది.

“మా ముందుగదిలో పెళ్ళి చెయ్యం బాబూ. అది కూర్చోవడానికి బల్ల కూడా చాలదు. చిన్నవి చూపించండి” అంది మా ఆవిడ.

అతను ముఖం చిన్నది చేసుకుని మూడు చిన్న పెట్టెలు తెచ్చి పెట్టాడు. ఒక్కొక్కటీ పుస్తకం మీద పుస్తకం పెట్టినంత. ఒకదానికి నాలుగు మైకులు పెట్టుకోవచ్చు. మిగతా రెంటికీ రెండేసి మైకులు, టేపుకి కలుపుకునే రంధ్రాలు, చెవులకి పెట్టుకుని వినడానికొకటి. అతను మైకు తగిలించి పాట పాడబోయాడు.

“మైకు వద్దు. తీసెయ్యండి. ఏమీ తగిలించకుండా మొత్తం తిప్పండి” అంది.

“ఏమీ లేకపోతే ఏం వినపడుద్ది మేడం?”

“అదే వినాలి నేను.”

హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒక్కోదాన్నీ చివరిదాకా తిప్పించి వింది. తరవాత నా చెవులకి పెట్టింది. మొదటిది వాన పడుతున్నట్టు ఇస్స్ మంది. రెండోది స్టవ్ మీద పప్పులా ఉంది. మూడోది నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంది, అంతే.

“ఏమీ లేనప్పుడు ఏమీ వినపడకూడదండీ. అదే మంచిది” అంది. ఆ మాట ఆవిడ మిక్సర్ గురించే అంది. ఇప్పుడు నాకు ఇంటి గురించి అన్నట్టుంది.

నేను నాలుగు మైకుల దాని వైపు మొగ్గాను. “ఒకటి నీకు కూడా ఉంటుంది కదా” అన్నాను.

“నాకు మైకెందుకండీ? బళ్ళో పొద్దస్తమానం నేనే మాట్లాడుతున్నాగా. ఇక్కడన్నా వాళ్ళని మాట్లాడనివ్వండి” అని రెండు మైకుల వాటిలో ఊపిరిలా వినపడిన దాన్నే ఎంచుకుంది. ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

మేం దిగేలోపే కబురు వీధంతా పాకింది. పక్కింటి అత్తయ్యగారు గుమ్మంలోనే అడిగారు.

“విజయవాడ వెళ్ళి మిక్సీ కొన్నారటగా. ఎన్ని జార్లు వచ్చాయేమిటి?”

“రెండండీ” అంది మా ఆవిడ. “ఒకదాంట్లో అత్తని వేస్తాం, ఒకదాంట్లో కోడల్ని.”

“రుబ్బుతుందా?”

“రుబ్బదండీ. ఇద్దర్నీ సమానం చేస్తుంది.”

“అయితే నాకూ ఒకటి తెప్పించు తల్లీ” అన్నారావిడ.

దాని మీటలన్నీ ఒకేలా ఉండేవి, రాతలు చీమల్లా ఉండేవి. ఆవిడ అద్దం దగ్గర నుంచి బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. గట్టిగొంతు వాళ్ళకి ఎక్కడిదాకా తిప్పాలో అక్కడ ఎర్ర బిళ్ళ, మెల్లగా మాట్లాడే వాళ్ళకి ఎక్కడిదాకానో అక్కడ మెరూన్ బిళ్ళ. చేపలావిడ వస్తే ఎర్రది, ఆవిడ తోడికోడలొస్తే మెరూనుది. అచ్చంగా ఆవిడ కనిపెట్టిన లెక్క. చెమటకి ఊడితే మళ్ళీ కొత్తది అంటించేది.

నాకున్న పని ఫ్యాన్ ఆపడం. రికార్డింగ్‌లో ఫ్యాన్ తిరక్కూడదు. బందరు ఎండల్లో, ఉప్పుగాలిలో, తలుపులు మూసిన గదిలో నలుగురం ఉడికేవాళ్ళం. వాళ్ళిద్దరూ, ఆవిడా, స్విచ్ దగ్గర నేనూ. “చదువుకున్నాయన కదమ్మా, ఆయన్ని స్విచ్చి కాడ నిలబెట్టావేంటి పంతులమ్మగారూ?” అనేది చేపలావిడ. మైకు మూతి దగ్గరికి తెస్తే “ఏందిది, ముద్దెట్టుకోవాలా?” అని అడిగింది కూడా ఆవిడే. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ “దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి” అని చెయ్యి ఊపేది. టేపు తిరుగుతున్నంతసేపూ తను పెద్దగా మాట్లాడేది కాదు. తలూపేది, కనుబొమలెత్తేది, వేలు చూపించేది. ప్రశ్న తప్పకపోతే గుసగుసగా అడిగేది. వాళ్ళ మైకులు వాళ్ళ నోటి దగ్గరే ఉండేవి. ఆవిడ మాటలు వాటికి లీలగానే అందేవి.

కొన్నేళ్ళకి ఒక సాంస్కృతిక సంఘం వాళ్ళు వచ్చారు. పేరు రాయను. క్యాసెట్లు పట్టుకెళ్ళి సీడీ చేస్తామన్నారు. ఆవిడ సంతోషంగా ఇచ్చింది. సీడీ వచ్చింది. అట్ట మీద అధ్యక్షుల వారి ఫొటో, కార్యదర్శి గారి ఫొటో. వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘సహకారం’ అని మా ఆవిడ పేరు, ఇంటిపేరు తప్పుగా. పెట్టి చూస్తే మొదట వేణువు. తరవాత చేపలావిడ గొంతు, దానికి ఎకో. అడుగడుగునా చేప పేరు ‘సావిడాయి, డాయి, డాయి’ అని గాలిలో తేలుతోంది. గుసగుసగా అడిగిన ప్రశ్నలు కూడా తీసేశారు. కార్యదర్శి గారు “మేడంగారి ప్రశ్నలు తీసేశామండీ, ఇప్పుడు సాఫీగా ఉంది” అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆవిడ సీడీ తీసి అట్టలో పెట్టింది. “గుళ్ళో చేపలమ్మినట్టుంది” అంది. నవ్వింది. నేను నవ్వలేదు. దెబ్బలాడదామన్నాను. “వద్దులెండి. నా దగ్గర అసలువి ఉన్నాయిగా” అంది.

ఇప్పుడు అదే కార్యదర్శి సంతాపసభ పెడుతున్నామని ఇంటికొచ్చాడు. “మేడంగారి గొంతు ఒక్క నిమిషం వినిపిస్తే సభ నిండుగా ఉంటుందండీ. రికార్డింగులు చాలా ఉండుంటాయి కదా” అన్నాడు.

అది వినగానే నాకు మొదటిసారి తట్టింది. అల్మరా నిండా క్యాసెట్లు ఉన్నాయి. దివిసీమలో సగం మంది ఆడవాళ్ళ గొంతులు ఉన్నాయి. ఆవిడ గొంతు లేదు. ఫోన్లో దాచుకున్నది లేదు. ఎవరి పెళ్ళి వీడియో చూసినా మేళమే వినపడుతుంది. ఉన్నదల్లా ఆ గుసగుసలు, వీధి చివర ఎవరో మాట్లాడుకున్నట్టు. వాళ్ళు సౌండ్ కుర్రాణ్ణి పంపారు. అతను నాలుగు క్యాసెట్లు విని “పనికిరాదండీ, నాయిస్ ఎక్కువ” అన్నాడు. మీరు తీసేసింది ఆ నాయిస్‌నే అని చెప్పాలనుకున్నాను. కాఫీ ఇచ్చి పంపాను.

సభకి వెళ్ళాను. గొంతు దొరకలేదు కాబట్టి మౌనం పాటించారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆ మౌనంలో కూడా వేదిక మీద మైకు గీ అంటూనే ఉంది. ఆపమని ఎవరికీ తోచలేదు. ఏమీ లేనప్పుడు ఏమీ వినపడకూడదన్న మనిషికి అది నివాళి. దండ వేసి వచ్చేశాను.

మొన్న మరదలు గుడివాడ నుంచి వచ్చింది. అక్క సామాను సర్దుతూ మిక్సర్ దుమ్ము తుడుస్తోంది. “బావగారూ, దీనికి బొట్టుబిళ్ళలేంటండీ?” అని ఒకటి గోటితో గీకబోయింది. “ఉండనీ అమ్మా” అన్నాను. నా గొంతులో ఏం విందో, గుడ్డ అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అల్మరా తీశాను. టేపుని మిక్సర్‌కి కలిపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కో క్యాసెట్ మొదటి నుంచి విన్నాను. అన్నీ తిన్నగా ఆడవాళ్ళ మాటలతోనే మొదలవుతున్నాయి. అంతా సిద్ధమయ్యాకే మీట నొక్కేది ఆవిడ. కూర చల్లారాక వడ్డించినట్టు, చప్పుళ్ళన్నీ అణిగాకే టేపు తిప్పేది. చాలా విన్నాక మిక్సర్ కొన్నప్పటి మొదటి క్యాసెట్ చేతికొచ్చింది. ఇందులో ముందు మాటలేమీ లేవు. ఆ రోజు తొందరపడి ముందే నొక్కినట్టుంది. మీట ఎర్ర బిళ్ళ దాకా తిప్పాను. తరవాత మెరూన్ బిళ్ళ దాటించాను. చివరిదాకా తిప్పాను. టేపు ఇసుక రాలినట్టు సన్నగా వినిపిస్తోంది. మిక్సర్ మాత్రం తన వంతు చప్పుడేమీ కలపలేదు. బాగా ఏరింది ఆవిడ.

ఆ ఇసుక వెనక నుంచి, దూరంగా, గుసగుస కాదు, మామూలు గొంతు:

“ఏమండీ, ఫ్యాన్ ఆపండి.”

టక్కుమని స్విచ్. చేపలావిడ ఏదో అంటోంది, అయ్యగారికి చెమటలు పోస్తున్నాయని కాబోలు. “ఆయనకి అలవాటేలే” అంది మా ఆవిడ. ఇక అక్కడి నుంచి వాళ్ళ మాటలే.

ఆ ముక్క ఎవరికీ ఇవ్వను. దానికి వేణువు అక్కర్లేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. ఏమండీ, ఫ్యాన్ ఆపండి అంది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి స్విచ్ ఆపాను. ముందుగదిలో ఉప్పుగాలి నిలిచిపోయింది. తల పైకెత్తి, రెక్కలు ఒక్కొక్కటిగా విడిగా కనపడేదాకా, పూర్తిగా ఆగేదాకా, గోడ దగ్గరే నిలబడ్డాను.