బావ దిద్దిన పేజీలు

మొన్న సూర్యాపేట బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోనులోనే ఏదో దుకాణం వెబ్‌సైటుకు రంగు మార్చి, అప్పటికప్పుడే చూసుకుని, తృప్తిగా బస్సెక్కి వెళ్లిపోయింది. నాకు మా బావ గుర్తొచ్చి, నా బస్సు వచ్చినా లేవలేకపోయాను.

మనలాంటి ప్రోగ్రామర్లం వెబ్‌సైట్ల కోసం కొత్తగా పీహెచ్‌పీ భాష నేర్చుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. లెక్కలు చేసే కోడూ, కంటికి కనిపించే పేజీ రూపమూ ఒకే ఫైలులో కలగాపులగంగా ఉండేవి. కోదాడలో ఒక చిన్న ఆఫీసులో నేను కోడు రాస్తే, మా అక్క భర్త పేజీలు అందంగా తీర్చేవాడు, ఇద్దరం ఒకే కంప్యూటరు ముందు మోచేతులు తగిలించుకుంటూ కూర్చునేవాళ్లం. ఆయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, చివ్వెంల నుంచి రోజూ బస్సులో రావడం చేతకాలేదు. ఆ ఉద్యోగం కూడా పోతే మనిషి మిగలడని అక్క భయం, నా భయమూ అదే. అందుకే మిర్యాలగూడ రైసు మిల్లుల కోసం చేసిన సైటులోకి ఒక టెంప్లేట్ ఇంజన్ తెచ్చి పెట్టాను; పేజీల రూపం వేరే ఫైళ్లలోకి వెళ్లింది, ఇక కోడు జోలికి రాకుండా ఆయన ఇంటి నుంచే దిద్ది పంపవచ్చు.

ఆ ఇంజన్ ప్రతి పేజీకీ ఒక తయారు ప్రతిని దాచుకుని దాన్నే చూపిస్తుంది, అసలు ఫైలు మారిందా అని మాత్రం ప్రతిసారీ చూసుకుని, మారితే కొత్త ప్రతి చేసుకుంటుంది. నేను మిల్లుల్లో గుమాస్తాలకు సైటు నేర్పుతూ తిరుగుతున్న వారాల్లో, సైటు నిదానంగా తెరుచుకుంటోందని మా యజమాని ఎవరి చేతో ఆ చూసుకోవడాన్ని ఆపించేశాడు. ఇక బావ ఎంత దిద్దినా పాత పేజీయే. జబ్బుతో తన బుర్రే పనిచేయడం లేదనుకున్నాడు పాపం, సిగ్గుపడి నాకూ చెప్పకుండా చేసిందే మళ్లీ మళ్లీ చేశాడు. "మీ బావగారు ఏం చేయట్లేదయ్యా, నేను చూస్తానే ఉన్నాగా" అని యజమాని ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నాడు.

తిరిగొచ్చాక సంగతి తెలిసి ఆ పాత ప్రతులు చెరిపేస్తే, బావ దిద్దినవన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి, ఎంత పొందికగా ఉన్నాయో. యజమాని చూసి, ఆ కొత్తతనికి మాట ఇచ్చేశాను కదా అన్నాడు. చివ్వెంల వెళ్లి బావకు చెప్పాను. "గట్లనా బామ్మర్ది. నాకే చేతనైత లేదనుకున్న" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

ఇప్పుడు మా వీధిలో సగంమంది పిల్లలు ఇంట్లో కూర్చునే ఉద్యోగాలు చేస్తున్నారు, గది తలుపు వేసి ఉంటే పనిలో ఉన్నారని ఇంటిల్లిపాదీ మెల్లగా మాట్లాడుకుంటారు. మా బావ అంత పని చేస్తూ కూడా, ఏమీ చేతకాని వాణ్ణయ్యానని తనను తాను తిట్టుకుంటూ గడిపిన ఆ రోజులను మాత్రం మేమెవరం ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయాం.