దేవుడి దగ్గర నా మీద ఫిర్యాదులు

ఆ రోజుల్లో మా ఉదయగిరి వాళ్ళకు, మా కొండ కనపడని చోటల్లా పరదేశమే. అలాంటి పరదేశమైన ఆత్మకూరుకు చదువు కోసం నన్ను పంపారు. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు దాటిపోయి, ఇళ్ళల్లో మళ్ళీ పొయ్యిలు వెలుగుతున్న కాలం. ఆత్మకూరు క్రైస్తవ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశిగారు నన్ను తన ఇంట్లో పెట్టుకుని చదివించడానికి ఒప్పుకున్నారు. నెల్లూరులో మిషను బడి నడిపే తెల్ల దొరగారు వచ్చినప్పుడు వాక్యం అప్పజెప్పి మెప్పిస్తే ఆ బడికి వెళ్తాను, లేకపోతే మా నాయన మేకల దగ్గరికి తిరిగి వెళ్తాను. మేకలకు నేనంటే ఇష్టమే గాని, నా ప్రాణమంతా నెల్లూరు మీదే ఉండేది.

ఉపదేశిగారి భార్యను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను ఒక్కనాడూ కసరలేదు. కసిరినా బాగుండేది. పొద్దు గుంకి, దీపం పెట్టి, ఇరుగుపొరుగు విశ్వాసులతో కలిసి చాప మీద కూర్చుని కళ్ళు మూసుకోగానే, నా నేరాలన్నీ గొంతెత్తి దేవుడికి చెప్పేది. “ప్రభువా, ఈ ఉదయగిరి పిలగాడు పుస్తకం మొగాన ఏసుకోని నిద్రపోతా ఉండాడు, నువ్వు చూస్తానే ఉండావు. సంగటి ముద్దలో సగం కుక్కకేసినాడు తండ్రీ. కరువులో ఆ ముద్ద కోసం ఎంత ఏడ్సినామో నీకు తెలవదా.” (వేసింది సగం కాదు, మాడిన అంచు మాత్రమే. కానీ ప్రార్థన మధ్యలో సవరణలు చెప్పే ఆచారం మా సంఘంలో లేదు.) పైగా చివర అందరితోపాటు నేనూ “ఆమేన్” అనాలి. అంటే నేరం ఒప్పుకున్నట్టే.

ఉపదేశిగారితో మొర పెట్టుకుంటే ఆయన నిట్టూర్చారు. “ప్రభువును నమ్ముకున్నకాడి నుంచి నాకూ ఇదే కత అబ్బయా. అంతకు ముందు నేరుగా తిట్టేది. అప్పుడు ఎదురు చెప్పే వీలన్నా ఉండేది.”

విసిగిపోయి, నాకు ప్రార్థన వంతు వచ్చిన రోజు నేనూ మొదలుపెట్టాను. “ప్రభువా, ఈ ఇంట్లో పులుసుకు ఉప్పు ఎక్కువవుతా ఉండాది. నీ దాసురాలి చెయ్యి కొంచెం ఆపు.” అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది ఉపదేశిగారే. మర్నాడు పులుసులో ఉప్పు రాయి ఒక్కటి కూడా లేదు. మొహం చిట్లిస్తే, పెద్దమ్మ శాంతంగా అంది. “నీ ప్రార్థన ఆలకించినాడు గదరా. తిను.”

ఆఖరికి దొరగారు వచ్చారు. ఏసుప్రభువు కొండమీది ప్రసంగం తడబడకుండా అప్పజెప్పాను. ఆయన తల ఊపి, “పిల్లవాడి నడవడి ఎలాంటిదమ్మా?” అని పెద్దమ్మను అడిగారు. ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, “ప్రార్థన చేసుకుందాం అయ్యా” అంది. కళ్ళు మూసుకుంటే మా మేకలే కనపడ్డాయి.

“ప్రభువా,” అంది పెద్దమ్మ, “వీడు నిద్రమొగమని నీకు చెప్పినాను. ముద్ద కుక్కకేసినాడని చెప్పినాను. పులుసుకు వంక పెట్టినాడని గూడా చెప్పినాను. అయ్యన్నీ మనింటి మాటలు తండ్రీ. నువ్వు నెల్లూరులో ఎవురికీ చెప్పబాక.”

అందరితోపాటు దొరగారూ ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే, ఆయన రుమాలుతో మొహం తుడుచుకుంటున్నారు. నెల్లూరు బడిలో నాకు చోటు దొరికింది.

అక్కడ ప్రార్థనలు మరీ చక్కగా ఉండేవి. ఎవరూ నా పేరెత్తేవారు కాదు. మొదటి వారమంతా హాయిగా ఉంది. ఆ తర్వాత, దేవుడు నన్ను మరిచిపోయాడేమోనని బెంగపట్టుకుంది.

పెద్దమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా కాలమైంది. ఇప్పుడావిడకు కళ్ళు మూసుకునే పనిలేదు, ఎదురుగా నిలబడే చెబుతూ ఉంటుంది. నేను మాత్రం ఈ వయసులోనూ పుస్తకం మొహాన వేసుకునే నిద్రపోతున్నాను. మెలకువ రాగానే ఎవరూ వినకుండా “ఆమేన్” అనుకుంటాను.