స్టెప్నీ లేని పెళ్లి బస్సు

ఆ రోజుల్లో మదనపల్లెలో నన్ను పలకరించని మనిషి లేడు. కాకపోతే అందరూ అడిగేది ఒకటే, టమేటా ధర ఎంత అని. మండీలో తూకం వేసేవాణ్ణి. ధర చెప్పేవాణ్ణి, వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. పని అయ్యాక మండీ వెనుక గదిలో తలుపు వేసుకుంటే మళ్లీ తెల్లవారేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ముప్పై దాటాక వయోజన బడికి పోయింది చదువు మీద మోజుతో కాదు, అక్కడ నలుగురు కూర్చుంటారని. (బడి మూతపడింది, అక్షరాలు మిగిలాయి.)

వారం వారం నేను పోయే పుంగనూరు సంతలో గుడ్డలమ్మే కుప్పం మనిషి ఒకాయన ఉండేవాడు. మండుటెండలోనూ సిల్కు జుబ్బా విప్పడు, అందుకని జుబ్బా అన్న అనేవాణ్ణి. వారపత్రికకు ఒక సీరియల్ రాసి పంపాలని ఆయన కల. నేను అంగళ్ల బోర్డులు కూడబలుక్కుంటూ చదవడం చూసి, కలిసి రాద్దాం రమ్మన్నాడు. ఒక భాగం ఆయన, తర్వాతది నేను. సంత సంతకూ కాగితాలు చేతులు మారాలి. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

ఆయన కథానాయిక వీణ వాయించేది. వీణను ఎటునుంచి పట్టుకుంటారో నాకు తెలియదు. దాన్ని అటకెక్కించి ఆమె చేత ఆవు పాలు పిండించాను. కథానాయకుడు బెంగుళూరు డాక్టరు. నా వంతు వచ్చేసరికి అంగళ్లు అనే పల్లెలో టమేటా నారు పోస్తుండేవాడు. జుబ్బా అన్న పంటి బిగువున భరించి మళ్లీ తెల్లకోటు తొడిగించేవాడు. అసలు చిక్కు పెళ్లి దగ్గర వచ్చింది. ఆయన ముహూర్తం పెట్టడం, నేను చెడగొట్టడం. ఒకసారి వడగళ్లు. ఒకసారి పెళ్లికొడుక్కు కూర్చోలేని చోట సెగ్గడ్డ. ఇంకోసారి పురోహితుడు చౌడేపల్లెకు ఆవును బేరమాడటానికి పోయి తిరిగి రాలేదు.

చివరికి ఒక సంతనాడు పెళ్లి మొత్తం తానే రాసుకొచ్చి, నన్ను టీ అంగట్లో కూర్చోబెట్టాడు.

"ఆ బిడ్డకు పెండ్లి కానిస్తావా లేదా? యాల ఇట్ల సాగదీస్తాండావప్పా?"

నాకు నయంగా మాట్లాడటం రాదు. "పెండ్లయితే కత అయిపోతాది. కత అయిపోతే నాకు ఈడేం పని ఉండాది అన్నా? నీ కాడ జాకెట్టు గుడ్డలు కొనేదానికి రావాల్నా?"

ఆయన నవ్వలేదు. కాగితాలు ముందుకు లాక్కుని, మంగళసూత్రం కట్టిన పేజీ అడ్డంగా కొట్టేసి, పెళ్లివారి బస్సుకు పలమనేరు దగ్గర పంక్చరు చేశాడు.

"స్టెప్నీ కూడా లేదులేప్పా," అన్నాడు.

ఆ పైన ఎన్నో సంతలు మా పెళ్లివారు రోడ్డు పక్కనే వండుకు తిన్నారు, అలిగారు, రాజీపడ్డారు. పత్రిక మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. అది చూసి నాకే మనసొప్పక ఒక వంతులో పలమనేరు నుంచి స్టెప్నీ తెప్పించాను, ఆయన సంతోషపడతాడని. ఆ సంతకు ఆయన రాలేదు. తర్వాతి సంతకూ రాలేదు. కాగితాలు పట్టుకుని కుప్పం పోతే, వాళ్ల కూతురు గడపలో నిలబడి, "నాయన పోయినాడప్పా," అంది.

కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి. పెళ్లికూతురు ఇప్పటికీ ఆ బస్సులోనే కూర్చుని ఉంది, స్టెప్నీ చక్రానికి ఆనించి ఉంది. బిగించాలంటే నాలుగు వాక్యాల పని. ఈ ముసలితనంలో అప్పుడప్పుడూ కలం తీస్తాను, నవ్వుకుని మూత పెట్టేస్తాను. వంతు జుబ్బా అన్నది కదా.