స్క్రీన్ మధ్యలో వేలాడిన కెమెరా

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన ఎండాకాలంలో నన్ను ఖతార్‌లోని అల్ ఖోర్ సైటు నుంచి ముఐథర్ ఆఫీసుకు సీనియర్ వెల్ఫేర్ ఆఫీసరుగా మార్చారు. హోదా పేరు పెద్దదే. పని మాత్రం కూలీల క్యాంపులో ఎవరైనా చనిపోతే ఇంటివాళ్లకు చెప్పడం. కంపెనీ పద్ధతి ప్రకారం ఆ మాట వీడియో కాల్‌లోనే చెప్పాలి. ఫోన్‌లో ఎవడో ఏదో అన్నాడని తర్వాత గొడవ రాకూడదు కదా. భార్యో తండ్రో అధికార పత్రం మీద సంతకం చేసి పంపితేనే శవాన్ని ఇండియా పంపే పని కదులుతుంది.

నా టేబుల్ మీద పెద్ద మానిటర్, దాని నెత్తిన క్లిప్పుతో బిగించిన వెబ్‌క్యామ్. అన్ని టేబుళ్లకూ అదే. నేనూ పట్టించుకోలేదు.

ఆ నెలలోనే మల్లేశం పోయాడు. జగిత్యాల వైపు మనిషి, స్కాఫోల్డింగ్ మేస్త్రీ. నిద్రలోనే గుండె ఆగిందని ఆసుపత్రి రాసింది. మార్చురీలో గుర్తుపట్టింది నేనే. ఫోటోలు తీద్దామంటే అక్కడివాళ్లు 'మాఫీ' అన్నారు, అరబ్బీలో కుదరదని. అతని భార్య రాజవ్వకు కాల్ చేసి చెప్పాను, చేతి మీది పచ్చబొట్టు ఆనవాలుతో సహా. ఆమె ఏడవలేదు. పక్కనున్న మరిదితో, "ఈ సారు కిందికి చూసుకుంట మాట్లాడుతుండు. నా మొకం చూస్తలేడు. దుబాయ్ల జైల్ల ఏసి, సచ్చిండని చెప్తుండ్రు" అంది. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్లకు దుబాయే. సంతకం పెట్టనంది. మర్నాడు మళ్లీ చేసినా అదే మాట. శవం అక్కడే ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండింది. నేను చూస్తున్నది ఆమెనే కదా! తర్వాత రికార్డింగు వేసి చూస్తే తెలిసింది. కెమెరా పైన, ఆమె మొహం కింద. ఆమె కళ్లలోకి చూసినప్పుడల్లా అక్కడ నేను తల దించుకున్న దొంగలా ఉన్నాను.

ఐటీలో పనిచేసే హైదరాబాదీ రఫీక్‌ను పిలిచాను. ముందు మానిటర్ పక్కన చిన్న స్టాండు పెట్టాడు. చూపు పక్కకు పోయింది. తర్వాత టేబుల్ అంచుకు బిగించే వంగే కడ్డీ తెచ్చాడు. టేబుల్ మీద చెయ్యి ఆనిస్తే చాలు, బొమ్మ వణికేది. చివరికి మానిటర్ పై అంచు నుంచి స్క్రీన్ మధ్యలోకి వేలాడే సన్నని పట్టీ దొరికింది. కెమెరా సరిగ్గా కంటి ఎత్తుకు వచ్చింది. అడ్మిన్ మేనేజర్ చూసి అసహ్యంగా ఉందన్నాడు. ఉండనీ అన్నాను. ఒక్కటే ఇబ్బంది, ఎదుటివాళ్ల మొహం దాని వెనక పడుతుంది. "సాబ్, ఆ నల్ల గుండ్రాన్నే చూడండి. మొహం కోసం కళ్లు తిప్పారో, మళ్లీ మొదటికే" అన్నాడు రఫీక్.

మూడోసారి కాల్ కలిపి, ఆ గుండ్రంలోకి చూస్తూ చెప్పాను. "చెల్లె, నేనే పోయి చూసిన. మల్లేశమే."

 రాజవ్వ, "ఇప్పుడు నా మొకం చూసి చెప్తున్నవు సారు. పంపుండ్రి మరి" అంది. అప్పుడు మొదలైంది ఏడుపు.  ఒక్కసారి ఆమె వైపు చూద్దామనిపించింది. చూస్తే నా కళ్లు పక్కకు పోయినట్టు కనబడుతుంది. చూడలేదు.

సంతకం వచ్చింది, శవం ఊరు చేరింది. చావు కబురు చెప్పేవాడు ఎదుటి మనిషిని చూడటం కంటే, చూస్తున్నట్టు కనబడటమే ముఖ్యమని ఆ టేబుల్ దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ పట్టీ తీయనివ్వలేదు. ఆ తర్వాత నేను చావు చెప్పిన ఇళ్లలో ఎవరి మొహమూ చూడలేదు. అందరూ నమ్మారు.