బోరుకు రీస్టార్ట్ లేదు

సర్వర్ మొరాయిస్తే ముందుగా రీస్టార్ట్ చేయవద్దని కాలేజీలో నా దగ్గర కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చెబుతుంటాను. రీస్టార్ట్ చేస్తే జబ్బు తగ్గినట్టే కనిపిస్తుంది, జబ్బేమిటో చెప్పే సాక్ష్యం మాత్రం పోతుంది. ముందు లాగ్ చదవాలి. లాగ్ అంటే యంత్రం తనకు జరిగింది జరిగినట్టు వరుసగా రాసుకునే ఫైలు. మనిషిలా అది దాచుకోదు, గొప్పలు చెప్పదు. ఇది మంచి గుణమని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

నేను అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకుంటాను. అన్న వజ్రకరూరు వైపు మా ఊళ్ళో చీనీతోట, అంటే బత్తాయి తోట, చూసుకుంటాడు. ఎవరి పని కష్టమన్న చర్చ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. నాది పనేనా అన్న చర్చ మాత్రం అప్పుడప్పుడూ వస్తుంది. ఆ చుట్టుపక్కల తొలకరి పడితే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మేం వెతకలేదు. మాకు ఆ వాన దొరికితే చాలనుకునేవాళ్ళం.

చీనీచెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, చావడానికి ఒక ఎండాకాలం సరిపోతుంది. తోటకున్న ఆధారం ఒకటే బోరు. మిగతాచోట్ల వేయించినవి దుమ్ము మాత్రం ధారాళంగా ఇచ్చాయి. నీళ్ళెంతున్నాయో తెలియక వట్టి బోరు మీద మోటారు నడిపి అన్న దాన్ని కాల్చుకున్నాక, నేను అరచేతంత కంప్యూటర్ ఒకటి తెచ్చి తోటలో పెట్టాను. దానికో సోలార్ పలక, ఒక సిమ్, బోరులోకి దించిన వైరు, వైరు చివర ఒక సెన్సర్. తన మీద ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో సెన్సర్ పావుగంటకోసారి చెబుతుంది, ఆ అంకె అనంతపురంలో నా ముందు వాలుతుంది. మోటారు వేసేముందు అన్న ఫోన్ చేసి "ఎంతుండాది?" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. అన్నదమ్ములం అంత తరచుగా మాట్లాడుకున్న కాలం మరొకటి లేదు.

మొన్నటి ఎండాకాలం ఒక పొద్దున ఆ అంకె సున్నా అయింది.

"నీ మిషన్ చెడిపోయిండాది రా," అన్నాడు అన్న. ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదు, ఆశ. బోరులో కాస్త ఊట మిగిలుంటే, దానికి ట్యాంకర్లు తోడు చేసి వాన పడేదాకా చెట్లను ఈడ్చుకు రావచ్చు. ఊటే చచ్చిపోతే ట్యాంకర్లు ఎన్ని పోసినా తోట నిలవదు. కొట్టేయడమే. అందుకని మా ఇంట్లో అందరికీ ఆ మిషన్ చెడిపోయి ఉండటం చాలా అవసరమైంది.

నాకూ అవసరమే. కాబట్టి తప్పు వెతకడానికి పద్ధతిగా కూర్చున్నాను. మొదట ping కొట్టాను. అది దూరానున్న యంత్రాన్ని "ఉన్నావా?" అని పిలవడం. "ఉన్నాను" అని వెంటనే బదులొచ్చింది. లోపలికి వెళ్ళి df -h కొట్టాను. డిస్కులో చోటెంత మిగిలిందో చెబుతుందది. డిస్కు నిండితే కొత్త అంకెలు రాయలేక యంత్రం తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది. సర్వర్ జబ్బుల్లో సగానికి మూలం అదే. మా దాంట్లో చోటుకేం కొదవలేదు. date కొట్టాను. గడియారం నాకన్నా సరిగ్గా ఉంది. dmesg కొట్టాను. వైర్లు ఊడినా, పరికరాలు తగువు పెట్టుకున్నా యంత్రం గొణుక్కునేది అక్కడే. గొణుగుడు లేదు. చివరికి tail -f కొట్టి లాగ్ తెరిచాను. అది ఫైలు కొసను పట్టుకుని కొత్త వరుస పడగానే చూపిస్తుంది. సున్నా. పావుగంటయ్యాక సున్నా. వైరు తెగితే సున్నా రాయకుండా ఎర్రర్ అని రాయాలని ఆ ప్రోగ్రాములో నేనే పెట్టాను. నా ముందుజాగ్రత్త మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది. వృత్తిలో అంత శుభ్రమైన లాగ్ చూసి అంత దిగులుపడ్డది లేదు.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని తోటకు వెళ్ళాను. చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. వదిన గట్టు మీద కూర్చుని ఉంది.

"ఏమప్పా, డాక్టరు వచ్చినాడా? సూది మందు తెచ్చినావా?" అంది.

సెన్సర్‌ను బోరులోంచి పైకి లాగి, వదిన తెచ్చిన బకెట్ నీళ్ళలో వేశాను. తెర మీద ఒక అడుగు అని పడింది. బకెట్‌లో ఉన్నదీ అడుగు నీళ్ళే.

"సూడన్నా, సరిగ్గానే ఉంది."

"బకెట్‌లో నీళ్ళుండేది నాకూ తెల్సు," అన్నాడు అన్న. "దాన్ని అడగాల్నా? బోరులో ఏముండాదో చెప్పమను."

"అదే చెప్తాంది కదన్నా."

"అది పైన ఒక మాట చెప్తాది, కిందికి దింపితే ఒక మాట చెప్తాది. మీ కాలేజీ మిషన్ కదా!"

వదిన బకెట్ ఎత్తుకెళ్ళి దగ్గరున్న చెట్టు మొదట్లో పోసింది. పరీక్ష నీళ్ళు కూడా వృథా కాకూడదు.

సెన్సర్‌ను మళ్ళీ దించుతుంటే అన్న మెల్లగా అడిగాడు. "మీ మిషన్లు నిలిచిపోతే ఏం చేస్తారు రా?"

"అన్నీ చూసినాక, ఏదీ తెలీకపోతే రీస్టార్ట్ చేస్తామన్నా. ఆపి, మళ్ళా మొదట్నుంచి లేపుతాం."

"లేస్తాదా?"

"చాలాసార్లు లేస్తాది."

"మరి బోరుకు అట్లాంటిది ల్యాదా?"

"ఉంటే నేను కాలేజీలో ఎందుకుంటానన్నా, జిల్లా అంతా పల్లకీలో తిప్పుతాండరు నన్ను."

అన్న నవ్వాడు. వదిన నవ్వలేదు. అన్న ఆ రీస్టార్ట్ మాటను పక్కన పెట్టలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కాలేజీలో నా తెర మూలన తెరిచి ఉంచిన లాగ్‌లో సున్నా కాని అంకె పడింది. కాస్తో కూస్తో కాదు, ఏకంగా ముప్ఫై అడుగులు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, జాతీయగీతమేమీ రావడం లేదు. అన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్క గదివాళ్ళకు మా బోరు లేచిందని చెప్పాను. వాళ్ళు మర్యాదగా సంతోషించారు.

పావుగంటయ్యాక పద్దెనిమిది. ఆ తర్వాత ఏడు. ఆ తర్వాత మనకు పరిచయమున్న అంకే.

grep అని ఒక కమాండ్ ఉంది, పెద్ద ఫైలులోంచి కావలసిన వరుసలను మాత్రం ఏరి ఇస్తుంది. దానితో పోయిన ఏడాది వాన కురిసిన రోజుల వరుసలు తీసి పక్కన పెట్టుకున్నాను. భూమిలోంచి ఊరే నీళ్ళు ఓపిగ్గా పెరుగుతాయి, రోజులు పడుతుంది. ఇవి ఒక్కసారిగా వచ్చి, వచ్చినంత తొందరగా పోయాయి. కింద నుంచి వచ్చిన నీళ్ళు కావు. పై నుంచి వచ్చినవి.

సాయంత్రం అన్న ఫోన్ ఎత్తాడు.

"ట్యాంకర్ బోరులో పోసినావా అన్నా?"

"ఎవురు చెప్పినారు? మీ వదినేనా?"

"వదిన కాదు."

"అయితే ఆ డ్రైవరే. నోరాగదు వానికి. లోపల తడి చేస్తే ఊట కండ్లు తెరుస్తాదేమో అని... నువ్వే అంటివి కదరా, మొదట్నుంచి లేపుతామని. చెట్లకు తెప్పించిన ట్యాంకరే. ఒక్కటి పోసి చూస్తామని పోసినా."

"డ్రైవరూ కాదన్నా. మిషన్ చెప్పింది. నువ్వు పోసింది, అది ఇంకిపోయింది, అన్నీ రాసిపెట్టుకుంది."

పక్కన వదిన ఎవరినో కోడిని అదిలించినట్టు అదిలించడం వినిపించింది. కోడినే అయ్యుంటుంది.

"అంత కచ్చితంగా చెప్తాదా అది?" అన్నాడు అన్న.

నేను మిషన్‌లో ఏదో ఒక తప్పు కల్పించి చెప్పి ఉండాల్సింది. అప్పటికప్పుడు ఏదీ తట్టలేదు. "చెప్తాది," అన్నాను.

"అట్లయితే నిజమే అన్నమాట."

నా బకెట్ పరీక్ష నమ్మనివాడు తన ట్యాంకర్ పరీక్షను నమ్మాడు. ఆ మరుసటి వారమే రంపం మిషన్‌తో మనుషులు వచ్చారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను, చేయడానికేమీ లేకపోయినా. చీనీకట్టె కోస్తుంటే లోపల పచ్చిగా, పసుపుగా ఉంటుందని, కాస్త కాయ వాసన వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. వదిన పొద్దంతా ఇంట్లోంచి బయటికి రాలేదు. బకెట్ నీళ్ళు తాగిన చెట్టునూ కొట్టేశారు, దానికేం మినహాయింపు లేదు.

అవసరం లేకుండా వెనకాల నడుస్తున్న సర్వీసును ఆపేయాలి, లేకపోతే దాని లాగ్ పెరిగి పెరిగి డిస్కు నిండుతుంది. ఇదీ నేను అందరికీ చెప్పే చిట్కాయే. తోట లేని బోరు దగ్గర నా మిషన్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. దాని డిస్కు ఇప్పట్లో నిండదు. సున్నాకు పెద్దగా చోటు అక్కర్లేదు.

ఉరవకొండ వైపు మబ్బు పట్టినప్పుడల్లా అన్న ఫోన్ చేస్తాడు.

"ఏమప్పా, మిషన్ పన్జేస్తాందా?"

"బాగా పన్జేస్తాందన్నా."

"సరే," అని పెట్టేస్తాడు. ఎంతుందని అడగడు.