ముందు నువ్వు చెయ్యి పెట్టు

ఈ రోజు మధ్యాహ్నం తిరుత్తణిలో మా ఇంటికి ఓట్లడగడానికి నలుగురు వచ్చారు. నేతపనివాళ్ళ ఇంటికి మిల్లు చీర లంచంగా తెచ్చిన ఘనులు! నాకు ఒళ్ళు మండింది. మా అత్త మాత్రం మగ్గం గుంటలోంచి లేవకుండానే ఆ చీర కొంగును రెండు వేళ్ళతో నలిపి చూసి, పక్కన పెట్టింది.

చీర ఇచ్చినంత మాత్రాన ఓటు పడుతుందన్న నమ్మకం వాళ్ళకు లేదు. అందుకే మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటున్నారు. ఆ ఒట్టు తప్పితే మగ్గం మీద పోగు నిలవదని మావాళ్ళకు భయం. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

"ఓటు మాకేనని సత్యం చెయ్యక్కా," అన్నాడు వాళ్ళలో ఒకడు, అభ్యర్థి తమ్ముడు.

"చేస్తా నాయనా. ముందు నువ్వు చెయ్యి పెట్టు. గెలిచినాక మీ అన్న ఎవురి దగ్గరా ఒక్క పైసా తినడని సత్యం చెయ్. ఆ పైన నా చెయ్యి యాడికి పోతాది?" అంది అత్త.

అతను మగ్గం దాకా చెయ్యి చాచాడు. అక్కడే ఆగిపోయాడు. ఇంకా చాలా వీధులు తిరగాలని గొణిగి, అత్త తిరిగిచ్చిన చీర చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి మా వీధిలో మరో మూడిళ్ళవాళ్ళు ఇదే మాట అడిగి చీరలు వెనక్కిచ్చారు. మీ ఇంటికి వస్తే మీరూ అడుగుతారా? మగ్గం లేదంటారా? వాళ్ళను మా ఇంటికి తీసుకురండి. అత్త కాస్త జరిగి చోటిస్తుంది.